తిరిగే ప్రొపెల్లర్

పాత డకోటా విమానం ఒకటి నెత్తిమీదుగా ఎగిరిపోతోందనుకోండి. చేతిలో మంచి కెమెరా ఉంది. షట్టర్‌ను సెకనులో వెయ్యో వంతుకు పెట్టి నొక్కితే ఫొటో ఎక్కడా చెదరదు. తోక మీది నంబరు, కిటికీల వరస, రెక్కల మీది రివెట్లు అన్నీ తేటగా వస్తాయి. అయినా ఆ ఫొటోలో ఏదో వెలితి. కాసేపు పట్టి చూస్తే సంగతి తెలుస్తుంది. ప్రొపెల్లర్లు తిరగడం లేదు. నింగిలో గర్జిస్తూ పోయిన విమానం ఫొటోలోకి వచ్చేసరికి కొలువులో పెట్టిన బొమ్మ అయిపోయింది.

లెక్క చూస్తే ఇదేమంత వింత కాదు. మామూలు వేగంలో డకోటా ప్రొపెల్లర్ నిమిషానికి సుమారు 1,200 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 20. సెకనులో వెయ్యో వంతు కాలంలో అది కదిలేది 7 డిగ్రీలే. కెమెరా దృష్టిలో ఆగినట్టే లెక్క. 125వ వంతుకు తగ్గిస్తే 58 డిగ్రీల దాకా తిరుగుతుంది. దానికి ఉన్నవి మూడు బ్లేడులు కాబట్టి ఒక దానికీ ఇంకో దానికీ మధ్య ఖాళీలో దాదాపు సగం నిండుతుంది. 60వ వంతుకు దిగితే ఖాళీ అంతా నిండిపోయి, ఇంజిన్ ముందు వెలుతురు పారే నిండు వలయం ఏర్పడుతుంది. అనుభవజ్ఞులు ఆశపడేది దాని కోసమే.

చిక్కేమిటంటే, గంటకు 250 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం ఆ 60వ వంతు సెకనులోనే మీటరుకు పైగా ముందుకు జరుగుతుంది. కెమెరా కూడా సరిగ్గా అదే వేగంతో దాని వెంట తిరగాలి. లేదంటే ప్రొపెల్లర్‌తో పాటు విమానం మొత్తం అలుక్కుపోతుంది. దీన్నే ప్యానింగ్ అంటారు. కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, మోచేతులు డొక్కలకు ఆనించి, నడుము దగ్గర్నుంచి ఒంటిని తిప్పాలి. నొక్కిన క్షణాన ఆగిపోవడం మనిషికి అలవాటు. అక్కడే ఫొటో చెడుతుంది. నొక్కిన తర్వాత కూడా తిరుగుతూనే ఉండాలి. ఇంత చేసినా వందల ఫొటోల్లో ఏ రెండు మూడో నిలుస్తాయి.

జెట్ విమానాలతో ఈ బాధ లేదు. షట్టర్ ఎంత వేగంగా ఉన్నా ఫరవాలేదు. వాటి చలనం మరో రకంగా బయటపడుతుంది. గాలిలో తేమ ఉన్న రోజున గట్టిగా మలుపు తిరిగినప్పుడు రెక్కల మీద తెల్లటి ఆవిరి లేస్తుంది. ఆఫ్టర్ బర్నర్ వెలిగినప్పుడు తోక చివర మంట మెరుస్తుంది. హెలికాప్టర్లు మళ్లీ కష్టం. వాటి రోటర్ ప్రొపెల్లర్ కంటే నెమ్మది, కాబట్టి షట్టర్ ఇంకా తగ్గాలి. వీటన్నిటికీ తోడు మన ఎండ. పొద్దెక్కాక రన్‌వే మీద వేడిగాలి అలలు అలలుగా లేస్తుంది. దూరంగా ఉన్న విమానం ఎంత ఖరీదైన లెన్సుతో తీసినా వంకరలు పోతుంది. దానికి పొద్దున్నే వెళ్లడం తప్ప మందు లేదు.

ఇంత శ్రమ ఎందుకంటే, పాత విమానం గురించి చెప్పుకోవలసిన నిజం దాని ఎగరడంలోనే ఉంది. ఇంగ్లాండులో బెడ్‌ఫర్డ్‌షైర్ జిల్లా ఓల్డ్ వార్డెన్‌లో షటిల్‌వర్త్ కలెక్షన్ ఉంది. 1909 నాటి బ్లేరియో విమానాన్ని వాళ్లు ఇప్పటికీ లేపుతారు. చిన్న గాలి వీచినా దాన్ని బయటికి తియ్యరు. అలాంటి విమానాల కోసం గాలి పడిపోయే సాయంత్రం దాకా ఎదురుచూస్తారు. ఫొటోలు తీసేవాళ్లు కూడా పచ్చిక మీద అలా కూర్చునే ఉంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో వేల సంఖ్యలో తయారైన లాంకాస్టర్ బాంబర్లలో నేడు ఎగరగలిగినవి రెండే. ఒకటి బ్రిటన్‌లో, ఒకటి కెనడాలో. అవి ఎగిరిన ప్రతిసారీ కంచె వెంట కెమెరాలు బారులు తీరడంలో ఆశ్చర్యం లేదు.

బ్రిటన్ ఎయిర్ షోలలో స్పిట్‌ఫైర్ యుద్ధ విమానం వైపు కెమెరా తిప్పే తెలుగువారు గుర్తుంచుకోదగ్గ సంగతి ఒకటుంది. 1940 నాటి బ్రిటన్ గగనతల పోరులో స్పిట్‌ఫైర్లు నడిపిన దళాల్లో ఒకదాని పేరు 152 హైదరాబాద్ స్క్వాడ్రన్. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా పెట్టిన పేరది. దాని చిహ్నం మీద ఉన్నది నిజాం తలపాగా. గోల్కొండ సీమ పన్నుల సొమ్ము ఇంగ్లిష్ చానెల్ మీద ఎగిరింది. అది మంచో చెడో చరిత్రకారులు తేలుస్తారు. ఆ కథ మాత్రం మనది కూడా.

ఇంతకంటే మనసును పట్టి లాగే కథ లిబరేటర్ బాంబర్లది. యుద్ధం ముగిశాక బ్రిటిష్ వాళ్లు వాటిని మళ్లీ ఎవరికీ పనికిరాకూడదని పాడుచేసి కాన్పూరులో వదిలేశారు. బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ ఇంజినీర్లు ఆ తుక్కులోంచి సుమారు 40 విమానాలను లేపి నిలబెట్టారు. పైలట్ జంషెడ్ మున్షీ వాటిని కాన్పూరు నుంచి బెంగళూరుకు ఎగరేసుకొచ్చాడు. అక్కడ బాగుపడిన ఆ విమానాలు 1968 దాకా మన వైమానిక దళంలో పనిచేశాయి. ఆ తర్వాత కొన్ని విదేశీ మ్యూజియాలకు చేరాయి. అలా విదేశాలకు వెళ్లిన వాటిలో ఒకదాన్ని అమెరికాలో కాలింగ్స్ ఫౌండేషన్ పునరుద్ధరించి 1989లో మళ్లీ ఎగరేసింది. అది దశాబ్దాల పాటు ఎయిర్ షోలలో తిరిగింది. దాన్ని ఫొటో తీసిన అమెరికన్లలో ఎంతమంది దాని బెంగళూరు కథ విని ఉంటారు? ఆ విమానాలు ఇవాళ్టికి బతికున్నాయంటే మన మెకానిక్కుల చేతి చలవ. ఎగరేసి చూపించిన ఘనత మాత్రం పరాయి దేశానికి దక్కింది.

ఒక డకోటా మాత్రం ఎదురు దారిలో వచ్చింది. 2018 ఏప్రిల్‌లో ఇంగ్లాండు నుంచి మజిలీలు చేసుకుంటూ తన ఇంజిన్ల మీదే ఎగురుతూ హిండన్ వైమానిక స్థావరం చేరింది. డకోటాలు నడిపిన తన తండ్రి ఎయిర్ కమోడోర్ ఎం.కె. చంద్రశేఖర్ గౌరవార్థం రాజీవ్ చంద్రశేఖర్ దాన్ని పునరుద్ధరింపజేసి వైమానిక దళానికి ఇచ్చారు. దాని పేరు పరశురామ. తోక మీది నంబరు వీపీ 905. 1947 అక్టోబరు 27న సిక్కు పటాలం సైనికులను శ్రీనగర్‌లో దింపిన డకోటా నంబరు అది. ఇప్పుడది టైగర్ మాత్, హార్వర్డ్‌లతో కలిసి వైమానిక దళం వింటేజ్ విమానాల సరసన ఉంది. దేశం మొత్తానికి చూసుకుంటే ఇది చాలా తక్కువ. మన రిటైరైన విమానాలు ఎక్కువగా స్తంభాల మీదికో, ఉద్యానాల్లోకో చేరతాయి. విశాఖ సాగర తీరంలోని టీయూ-142 మ్యూజియం చూడదగ్గదే. ఒక్కో ఇంజిన్ మీద ఒకదానికొకటి ఎదురు తిరిగే జంట ప్రొపెల్లర్లున్న విమానం అది. పిల్లలను భుజాలకెత్తుకుని తండ్రులు దాని కింద ఫొటోలు దిగడం చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ఆ ఎనిమిది ప్రొపెల్లర్లు ఇక తిరగవు. అవి తిరిగినప్పటి రూపం ఫొటోల్లోనే మిగిలింది. 1963 నుంచి మన ఆకాశంలో ఉన్న మిగ్-21 కూడా 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకుంది. ఆ రోజు తీసిన ప్రతి ఫొటోకూ విలువ ఉంటుంది.

హైదరాబాదులోని బేగంపేటకు డకోటా కొత్త కాదు. 1940లలో దక్కన్ ఎయిర్‌వేస్ అక్కడి నుంచే డకోటాలను నడిపింది. అదే గడ్డ మీద ఇప్పుడు రెండేళ్లకోసారి వింగ్స్ ఇండియా విమాన ప్రదర్శన జరుగుతోంది. వైమానిక దళం సారంగ్ హెలికాప్టర్లు విన్యాసాలు చేస్తే జనం కేరింతలు కొడతారు. అక్కడ ఒక సాయంత్రాన్ని పాత విమానాలకు కేటాయించాలని, పరశురామను రప్పించాలని మా కోరిక. ఫొటోలు తీసేవారికి సూర్యుడు వీపు వెనక ఉండేలా కంచె దగ్గర కాస్త చోటివ్వాలి. సైనిక విమానాలంటే భద్రత చూసుకోవలసిందే, కాదనం. ప్రదర్శనకు పెట్టిన విమానం దగ్గర మాత్రం కెమెరా పట్టుకున్న కుర్రాణ్ని అనుమానంగా చూడనక్కర్లేదు. అతనికి పైలట్ల మీద ఉండే గౌరవం చిన్నది కాదు. 2010 మార్చి 3న బేగంపేటలోనే జరిగిన ప్రదర్శనలో నౌకాదళ విన్యాస బృందం సాగర్ పవన్ విమానం కూలి ఇద్దరు పైలట్లు ప్రాణాలు కోల్పోయారు. లెన్సులో హెల్మెట్ కనిపించేంత దగ్గరగా చూసేవారు ఆ సంగతి మర్చిపోరు.

పాత విమానాన్ని బాగుచేసేవాళ్లు ముందుగా వెతికేది ఫొటోలనే. ఏ రంగు ఎక్కడిదాకా వేశారు, అక్షరాలు ఎంత ఎత్తున రాశారు, ఏ పలక ఎప్పుడు మార్చారు అన్నవి చాలాసార్లు కాగితాల్లో దొరకవు. ఎవరో సరదాగా తీసుకున్న ఫొటోలో దొరుకుతాయి. హైదరాబాదు, సికింద్రాబాదు ఇళ్లలో దక్కన్ ఎయిర్‌వేస్‌లో పనిచేసిన తాతల ఆల్బమ్‌లు ఇంకా కొన్ని ఉండే ఉంటాయి. వాటిని తీసి చూడండి. విమానం పక్కన నిలబడ్డది ఎవరు, ఏ ఊళ్లో, ఏ ఏడు, తోక మీది నంబరెంత అన్నది తెలిసిన పెద్దలు ఇంట్లో ఉండగానే అడిగి ఫొటో వెనక పెన్సిల్‌తో రాసిపెట్టండి.