ఎగిరే ముందు... ఓ అడుగు వెనక్కి!

ముహూర్తం 2021 ఏప్రిల్ 11. ప్రపంచమంతా ఎదురుచూస్తోంది. సరిగ్గా రెండు రోజుల ముందు ఆఖరి పరీక్ష. రెక్కలు పూర్తి వేగంతో తిరగాలి. కానీ తిరగకుండానే కంప్యూటర్ పరీక్షను ఆపేసింది. ఏమైందో విప్పి చూద్దామంటే కుదరదు. ఎందుకంటే ఆ బుల్లి హెలికాప్టర్ ఉన్నది దాదాపు 28 కోట్ల కిలోమీటర్ల దూరంలో, అంగారకుడి మీద!

దాని పేరు ఇన్‌జెన్యూటీ. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తయారుచేసిన పరిశోధన డ్రోన్. బరువు 1.8 కిలోలు. మరో గ్రహం మీద తనంతట తాను ఎగరాల్సిన మొట్టమొదటి యంత్రం. ఉన్నది ఒక్కటే... పడితే మళ్లీ పైకి లేపేవాళ్లు ఉండరు.

ఉత్తరంతో మొదలు

దీని వెనకున్న ముఖ్యుల్లో ఒకరు మనకు కాస్త దగ్గరివాడే. పేరు బాబ్ బలరామ్. పుట్టింది దక్షిణ భారతంలో. చదువుకున్నది మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ పాఠశాలలో, ఆ తర్వాత మద్రాసు ఐఐటీలో. చిన్నప్పుడు వాళ్ల బంధువు ఒకాయన నాసా గురించి చెప్పమంటూ అమెరికా కాన్సులేట్‌కు ఉత్తరం రాశారట. బదులుగా రంగురంగుల పుస్తకాలతో ఉబ్బిపోయిన కవరు వచ్చింది. ఆ కుర్రాడి మనసు ఆకాశంలోకి వెళ్లిపోయింది. పెద్దయ్యాక నాసా వారి జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో చేరాడు. అంగారకుడి మీద హెలికాప్టర్ ఎగరేయొచ్చన్న ఆలోచన ఆయనకు 1990లలోనే వచ్చింది. అప్పట్లో డబ్బు మంజూరు కాలేదు. దాదాపు పదిహేనేళ్లు కాగితాల్లోనే ఉండిపోయింది.

పైనుంచి పట్టుకున్న తాడు

అక్కడ ఎగరడమంటే మాటలా! అంగారకుడి మీద గాలి సాంద్రత మన గాలితో పోలిస్తే దాదాపు నూరో వంతే. తోసుకుని పైకి లేవడానికి రెక్కలకు పట్టు దొరకదు. అందుకే 1.2 మీటర్ల పొడవున్న రెండు జతల కార్బన్ ఫైబర్ రెక్కల్ని ఒకదానిపై ఒకటి అమర్చి, వ్యతిరేక దిశల్లో నిమిషానికి సుమారు 2,400 సార్లు తిరిగేలా చేశారు. రాత్రిపూట అక్కడ చలి మైనస్ 90 డిగ్రీల దాకా పోతుంది. ఆ చలికి బ్యాటరీ, సర్క్యూట్లు పాడైపోకుండా పగలు సౌర పలకతో నింపుకున్న కరెంటులో ఎక్కువ భాగం వెచ్చగా ఉండటానికే ఖర్చు!

ముందు భూమ్మీదే పరీక్షించారు. ఓ పెద్ద గదిలోంచి గాలి తోడేసి అంగారకుడి వాతావరణాన్ని సృష్టించారు. అక్కడ గురుత్వాకర్షణ తక్కువ కదా... అందుకని హెలికాప్టర్‌ను పైనుంచి సన్నటి తాడుతో కొంచెం లాగి పట్టి ఎగరేశారు.

అంగారకుడిపై దిగాకా తొందరపడలేదు. రాళ్లు రప్పలు లేని పదడుగులు పదడుగుల చోటు సరిపోదు, పది మీటర్లు పది మీటర్ల చదును నేల కావాలన్నారు. వెతికి పట్టారు. రెక్కల తాళం విప్పారు. మొదట వాటిని అటూఇటూ కొద్దిగా కదిలించి చూశారు. తర్వాత నిమిషానికి 50 చుట్లు మాత్రమే తిప్పారు. అది బాగుందన్నాకే పూర్తి వేగం పరీక్ష. అక్కడే వచ్చింది చిక్కు!

కాపలాదారు మాట

పరీక్షను ఆపింది 'వాచ్‌డాగ్ టైమర్'. పేరుకు తగ్గట్టే కాపలా కాస్తుంది. ఏ పనైనా అనుకున్న సమయంలో జరగకపోతే 'ఏదో తేడాగా ఉంది' అని మొత్తం వ్యవస్థను క్షేమంగా ఆపేస్తుంది. అంటే హెలికాప్టర్ పాడవలేదు, జాగ్రత్తపడింది.

ఇంజినీర్లకు రెండు దార్లు కనిపించాయి. ఒకటి సాఫ్ట్‌వేర్ మార్చడం. రెండోది పంపే ఆదేశాల వరుసను కొద్దిగా సవరించడం. రెండోదానితో నూటికి 85 సార్లు పని జరుగుతుందని లెక్క తేలింది. మరి మిగతా 15 సార్లు? హెలికాప్టర్ పైకి లేవదు, నేలమీదే క్షేమంగా కూర్చుంటుంది. మర్నాడు మళ్లీ ప్రయత్నించొచ్చు. ఆ భరోసాతోనే ఏప్రిల్ 16న పూర్తి వేగం పరీక్ష పెట్టారు. నెగ్గింది. ఏప్రిల్ 19న ఇన్‌జెన్యూటీ మూడు మీటర్ల ఎత్తు లేచి, 39 సెకన్లు గాల్లో ఉండి, భద్రంగా దిగింది. సంకేతం భూమికి చేరడానికే పావుగంటకు పైగా పడుతుంది కాబట్టి రిమోట్ పట్టుకుని నడిపేవారెవరూ లేరు. అన్నీ ముందే చెప్పి పంపిన ఆదేశాలే. దాని సౌర పలక కింద ఓ చిన్న గుడ్డముక్క కూడా ఉంది. 1903లో రైట్ సోదరులు ఎగరేసిన విమానం రెక్క మీది గుడ్డ అది!

ఏప్రిల్ 29న నాలుగోసారి ఎగరాల్సి ఉండగా ఆ '15' రానే వచ్చింది. హెలికాప్టర్ కదల్లేదు. ఎవరూ కంగారుపడలేదు. మర్నాడు ఎగిరింది.

అయిదుసార్లు ఎగిరితే చాలనుకున్నది 72 సార్లు ఎగిరింది. మొత్తం 17 కిలోమీటర్లు తిరిగింది. 2024 జనవరి 18న గుర్తులేమీ లేని నున్నటి ఇసుక మీద దారి పోల్చుకోలేక గట్టిగా దిగింది. రెక్కలు విరిగాయి. కింద రాళ్లూ రప్పలూ కనిపిస్తే వాటిని చూసుకుంటూ దారి తెలుసుకునే యంత్రానికి, ఆ రాళ్లే లేని చోట కష్టం వచ్చింది.

మన ఇంట్లో...

ఇంట్లో పిల్లాడు సొంతంగా డ్రోన్ తయారుచేశాడా? చాలా సంతోషం. అయితే ఎగరేసే ముందు రెక్కలు బిగుతుగా ఉన్నాయా, బీటలున్నాయా చూడమనండి. బ్యాటరీ ఉబ్బిందేమో గమనించమనండి. మోటార్లను మొదటిసారి రెక్కలు తీసేసి తిప్పి చూడటం మంచిది. చుట్టూ మనుషులు, కరెంటు తీగలు లేని మైదానం వెతుక్కోవాలి. సంకేతం తెగిపోతే అది ఏం చేస్తుందో ముందే తెలిసి ఉండాలి. విమానాశ్రయాల్లాంటి చోట్ల అనుమతి లేకుండా ఎగరేయడం నేరం. ఎక్కడ ఎగరేయొచ్చో డిజిటల్ స్కై పటంలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో చూపిస్తారు.

'ఇవాళ గాలి ఎక్కువగా ఉంది, రేపు ఎగరేద్దాం' అని వాడు తనంతట తానే అన్నాడా... భుజం తట్టండి. నాసా వాళ్లు చేసిందీ అదే కదా!