బ్యాంకు షేరు చవకా? ఏ లెక్కన?

షేర్ల సంగతి మగవాళ్లకే వదిలేసే రోజులు పోయాయి. ఇప్పుడు చాలా ఇళ్లలో ఇల్లాలి పేరున కూడా డీమ్యాట్ ఖాతా ఉంటోంది. అందులో బ్యాంకు షేరు చేరడానికి ఎంతోసేపు పట్టదు. తెలిసిన పేరు, వీధి చివరే శాఖ, ఆపైన "పి.ఇ. పదే ఉందండీ, చవగ్గా వస్తోంది" అని ఎవరో ఒకరి సలహా. ఈ చివరి మాట మీదే నాకు అభ్యంతరం.

పి.ఇ. అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. షేరు ధరను ఒక్కో షేరుకు ఏడాదిలో వచ్చిన లాభంతో భాగిస్తే వచ్చే అంకె. ధర 180, లాభం 18 అయితే పి.ఇ. 10. సబ్బుల కంపెనీకి ఇది పనికొచ్చే కొలతే. సబ్బు అమ్ముడుపోయింది, డబ్బొచ్చింది, లాభం తేలిపోయింది. బ్యాంకు అమ్మేది అప్పు. అది వసూలవుతుందో లేదో ఇచ్చిన రోజున ఎవరికీ తెలియదు.

మన ఊళ్లలో వడ్డీకి తిప్పే ఆడవాళ్లకు ఈ మర్మం బాగా తెలుసు. లక్ష రూపాయలు రెండు రూపాయల వడ్డీకి ఇచ్చారనుకోండి. ఏడాదికి 24 వేలు రావాలి. తీసుకున్నాయన పైసా కట్టలేదు. ఆ వడ్డీని అసలులో కలిపి, లక్షా 24 వేలకు నోటు తిరగరాయించుకున్నారు. కాగితం మీద 24 వేలు సంపాదించినట్టే! చేతిలో మాత్రం ఏమీ లేదు. ఆ కాగితం లాభాన్ని చూసి ఎవరైనా మీ వ్యాపారానికి ధర కడితే మీకే నవ్వు రాదూ?

బ్యాంకుకు అంత స్వేచ్ఛ లేదు లెండి. 90 రోజులకు మించి బకాయి పడితే మొండి బాకీగా చూపాలి, దానికోసం లాభంలోంచి కొంత తీసి పక్కన పెట్టాలి. కానీ ఏది మొండి బాకీ అన్నది మొదట తేల్చేది ఆ బ్యాంకే. 2016 మార్చి నాటికి తన మొండి బాకీలు 749 కోట్లని యెస్ బ్యాంకు చెప్పింది. రిజర్వు బ్యాంకు లెక్కలో అవి 4,926 కోట్లు! ఇక ఆ ఏడాది లాభాన్ని నమ్ముకుని కట్టిన పి.ఇ.కి విలువేముంటుంది?

అదే బ్యాంకు 2017-18లో 4,225 కోట్ల లాభం చూపింది, అంటే షేరుకు సుమారు 18 రూపాయలు. 2018 ఆగస్టులో షేరు దాదాపు 400. సెప్టెంబరులో అధిపతి రాణా కపూర్ పదవీకాలాన్ని రిజర్వు బ్యాంకు కుదించాక, కొద్ది రోజుల్లోనే 200 దిగువకు జారింది. పాత లాభంతో చూస్తే పి.ఇ. పదే. చవకంటే చవక! 2019 జనవరి-మార్చిలో 1,507 కోట్ల నష్టం బయటపడింది. 2020 మార్చి 5న మారటోరియం వచ్చింది. డిపాజిటుదారులకే 50 వేల పరిమితి పెట్టారు. వందకు మించి షేర్లున్న వాళ్లయితే వాటిలో 75 శాతాన్ని మూడేళ్లపాటు అమ్ముకోవడానికే వీల్లేకపోయింది.

ఆంధ్రాబ్యాంకుది ఇంకో కథ. 2017-18లో 3,400 కోట్లకు పైగా నష్టం. లాభమే లేనప్పుడు పి.ఇ. అన్న మాటకే అర్థం లేదు. 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. వెయ్యి షేర్లున్న వాళ్లకు దక్కినవి 325 యూనియన్ బ్యాంకు షేర్లు.

మరి ఏం చూడాలంటారా? పుస్తక విలువ చూడండి. బ్యాంకు ఆస్తుల్లోంచి అది చెల్లించాల్సినవన్నీ తీసేస్తే ఒక్కో షేరుకు ఎంత మిగులుతుందన్న లెక్క అది. అందులోంచి నికర మొండి బాకీలను కూడా తీసేసి, మిగిలినదానితో షేరు ధరను పోల్చుకోండి. మొండి బాకీల విషయంలో తన లెక్కకూ బ్యాంకు లెక్కకూ బాగా తేడా ఉంటే దాన్ని బయటపెట్టాలని రిజర్వు బ్యాంకు 2017లో ఆదేశించింది. వార్షిక నివేదికలో అది వెనక పేజీల్లో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. సలహా ఇచ్చినాయన్నే పక్కన కూర్చోబెట్టుకుని ఆ పేజీ తీయించండి.