పిల్ల బక్కగా ఉందనే నోళ్లకు

మొన్న గుడివాడలో ఒక ఓణీల ఫంక్షన్‌లో, ఐదు నెలల ఆడపిల్లని ఒళ్లో వేసుకుని కూర్చున్న తల్లిని చూసి ఒక పెద్దావిడ అనేసింది: "ఏంటే అమ్మాయ్, పిల్ల ఇలా పీలగా ఉంది? నీ పాలు చాలట్లేదేమో, డబ్బా పాలు పట్టకపోయావా?" పక్కనున్న నలుగురూ తలలూపారు. ఆ అమ్మాయికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పిల్ల పుట్టినప్పుడు 2.7 కిలోలు, ఇప్పుడు 6.1. ఐదారు నెలలకి పుట్టినప్పటి బరువు రెట్టింపయితే బాగా ఎదుగుతున్నట్టే. ఈ పిల్ల అదీ దాటేసింది. మరి లోపం ఎక్కడుంది? చూసేవాళ్ల కళ్లల్లో ఉంది.

బందరు నుంచి అవనిగడ్డ దాకా ఎక్కడికెళ్లినా ఇదే వరస. చేతులకి మడతలు పడాలి, బుగ్గలు జారిపోవాలి, ఎత్తుకుంటే చెయ్యి లాగాలి. అలా లేకపోతే తల్లి పెంపకానికే వంక. తల్లీ తండ్రీ సన్నంగా ఉంటే పిల్ల సన్నంగా ఉండదా? నెలలు నిండకుండా పుట్టిన పిల్లని నిండాక పుట్టిన పక్కింటి పిల్లతో పోల్చొచ్చా? ఈ మాటలు ఎవరికీ ఎక్కవు. పుట్టిన మొదటి రోజుల్లో బరువు కాస్త తగ్గడం మామూలే, పది పదిహేను రోజుల్లో తిరిగొస్తుంది. మొదటి మూడు నెలలూ రోజుకి పాతిక ముప్పై గ్రాముల చొప్పున పెరిగే పిల్ల, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. పాకడం మొదలెట్టాక ఇంకా నెమ్మదిస్తుంది. ఏడాది నిండేసరికి పుట్టినప్పటికి మూడింతలవుతుంది. ఆ నెమ్మదించడాన్నే "చిక్కిపోయింది" అని ఊరంతా గోల పెడతారు.

ఈ గోల చివరికి చేరేది డబ్బా దగ్గరికే. నాకు అసలు మంట అక్కడ. 1992లో వచ్చిన చట్టం పాలడబ్బా మీద పసిపిల్ల బొమ్మ కూడా వేయకూడదంది. 2003లో దాన్ని ఇంకా బిగించి, రెండేళ్లలోపు పిల్లల ఆహారానికి ప్రకటనలే వద్దంది. కంపెనీలు చేయకూడదన్న ఆ ప్రకటనని మన ఇళ్లల్లో అత్తలు, ఆడపడుచులు, ఎదురింటి వాళ్లు చేసి పెడుతున్నారు. దాని ఫలితం ఎలా ఉంటుందో తెలుసా? డబ్బా పాలతో కడుపు నిండిన పిల్ల రొమ్ము సరిగ్గా పట్టదు. పిల్ల పట్టకపోతే పాలు ఊరవు. నెల తిరిగేసరికి "చూశావా, పాలు చాలట్లేదని నేనన్నానా లేదా" అని అదే పెద్దావిడ గెలుస్తుంది. పాలు చాలకుండా చేసింది ఆవిడే!

పైగా మా దివిసీమవి కాలవల చివరి ఊళ్లు. బోరు వేస్తే ఉప్పునీళ్లు. వేసవి వస్తే చెరువులో నిలవబెట్టిన నీళ్లే తాగాలి. ఆ నీళ్లని మరగకాచి, సీసా మరగబెట్టి, పూటపూటకీ పాలు కలపడం కూలికెళ్లే తల్లి వల్ల అవుతుందా? డబ్బా నాలుగు రోజులు ఎక్కువ రావాలని ఒక చెంచా వేయాల్సిన చోట అరచెంచా వేసి నీళ్లు పోసే ఇళ్లు నేను చూశాను. పిల్లకి విరేచనాలు పట్టుకుంటాయి, ఉన్న బరువూ పోతుంది. బొద్దు కోసం మొదలెట్టిన పని ఆస్పత్రి మంచం మీద తేలుతుంది.

పాలు నిజంగా తగ్గాయేమోనని అంత దిగులుంటే ముందు తల్లి కంచం చూడాలి. పథ్యం పేరుతో బాలింతకి మంచినీళ్లు కొలిచి పోస్తారు, కూరలు మాన్పించి కారప్పొడి అన్నం పెడతారు. కాయం ముద్ద నోట్లో పెట్టి బాధ్యత తీరిందనుకుంటారు. పాలసొర చేప వండి పెట్టే మత్స్యకారుల ఇళ్లే నయం, అక్కడ కనీసం తల్లి కడుపు నిండా తింటుంది. సిజేరియన్ అయిన తల్లికి మొదటి రోజుల్లో పాలు ఆలస్యం కావచ్చు. ఆ రెండు మూడు రోజుల్లో పక్కన కూర్చుని పిల్లని రొమ్ముకి పట్టించే మనిషి కావాలి. మన రాష్ట్రంలో వందకి నలభై పైగా కాన్పులు సిజేరియన్లేనని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంతమంది తల్లులకి సాయం చేసే చెయ్యి లేదు గానీ సలహా చెప్పే నోళ్లకి కొదవ లేదు.

పిల్ల ఎదుగుదల చూడ్డానికి గీతలున్నాయంటే, అవి తెల్లవాళ్ల పిల్లల లెక్కలని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన ఆ గీతలకి ఆరు దేశాల పిల్లల్ని తూచారు, వాళ్లల్లో మన ఢిల్లీ పిల్లలూ ఉన్నారు, వాళ్లు తల్లిపాలు తాగిన పిల్లలు. ఆ వాదన అక్కడితో సరి.

అంగన్‌వాడీలో ఇచ్చే తల్లీబిడ్డల కార్డులో ఆ గీతలే ఉంటాయి. నెలనెలా తూచి చుక్క పెట్టించుకోండి. చుక్కలు గీత వెంట పైకి పోతుంటే మధ్య గీతకి కాస్త కింద ఉన్నా పిల్ల బాగానే ఉన్నట్టు. రోజుకి ఆరేడు సార్లు పాస్ పోస్తూ, హుషారుగా ఆడుతుంటే పాలు చాలుతున్నట్టే. చుక్కలు అడ్డంగా సాగినా, కిందికి దిగినా ఆ రోజే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అప్పుడు బుగ్గలు ఎంత నిండుగా ఉన్నా ఆగకూడదు.

బొద్దు కోసమే వెతికే కళ్లకి ఆనకుండా పోయే అసలు కరువు ఆరో నెల దాటాక మొదలవుతుంది. మోపిదేవి గుడిలో అన్నప్రాశన చేయించి, వెండిగిన్నెలో పాయసం నాకించి ఫొటోలు తీసుకుంటారు. మర్నాటి నుంచి పిల్లకి పెట్టేది పప్పు మీది తేట, చారు అన్నం, పాలల్లో ముంచిన బిస్కెట్టు. మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో వందకి 31 మంది వయసుకి తగ్గ ఎత్తు లేరని అదే కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. తేట తాగించి, చారు పోసి ఎత్తు పెరగమంటే ఎలా పెరుగుతారు? నాగాయలంక, కోడూరుల్లో పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతుంటుంది, పిల్ల మాత్రం నీళ్ల గిన్నె ముందు కూర్చుంటుంది. అంగన్‌వాడీ గుడ్లు పెద్దవాళ్ల పళ్లేల్లోకి పోతాయి. మెత్తగా నలిపి నెయ్యి వేసిన ముద్దపప్పు, ఉప్పూ కారం లేకుండా ఉడికించి ముళ్లు తీసిన చేప ముక్క, ఉడికిన గుడ్డు కొద్దికొద్దిగా అలవాటు చేయండి. ఇవి పెడుతున్నారా లేదా అని ఏ ఫంక్షన్‌లోనూ ఎవరూ అడగడం నేనింతవరకూ వినలేదు.