కొలెస్ట్రాల్ రేణువు, రక్తపోటు, కబ్ద్‌లోని కాపరి

కువైట్ నగరానికి నైరుతి దిక్కున కబ్ద్ అనే ఎడారి ప్రాంతమున్నది. మేకలు, గొర్రెలు, ఒంటెలు, గుర్రాల దొడ్లు అక్కడ బారులు తీరి ఉంటాయి. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుండి, గోదావరి జిల్లాల నుండి కువైట్ వెళ్లిన తెలుగువారిలో కొందరు ఇటువంటి దొడ్లలోనే పశువులను కాస్తూ ఏళ్లు గడుపుతున్నారు. సాల్మియాలోనో ఫర్వానియాలోనో ఉన్న బంధువు శుక్రవారం సెలవు చూసుకొని వైద్యుని వద్దకు పోగలడు. మేకలకు శుక్రవారం లేదు. కాబట్టి కాపరికీ లేదు.

ప్రవాస కుటుంబాలలో హృద్రోగాన్ని గురించిన చర్చ అంతా కొలెస్ట్రాల్ చుట్టూ తిరుగుతుంది. ఆ చర్చలోకి కబ్ద్ కాపరి ఎందుకు రావాలో తెలియాలంటే, ముందు శాస్త్రం ఏమంటున్నదో చూడాలి.

కొలెస్ట్రాల్ నీటిలో కరగదు. ప్రోటీనులూ కొవ్వులూ కలిసి ఏర్పడిన సూక్ష్మ రేణువులు దానిని రక్తంలో మోసుకొని పోతాయి. వాటిలో ఒకటి ఎల్.డి.ఎల్. కణాలు దీనిని ఎట్లా స్వీకరిస్తాయో వివరించిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి లభించింది. ఈ రేణువు ధమని గోడలోకి దూరి చిక్కుపడితే అక్కడ ఆక్సీకరణానికి గురవుతుంది. చాలాకాలం నిలువ ఉన్న నూనె గాలి సోకి చెడినట్లే, రేణువులోని కొవ్వు చెడుతుంది. భక్షక కణాలు ఈ చెడిన రేణువులను మితిమీరి మింగి, నురగతో నిండినట్లు ఉబ్బి, అక్కడే పడి ఉంటాయి. ధమనిలో పూడికకు అది ఆరంభం. డేనియల్ స్టైన్‌బర్గ్, ఆయన సహచరులు 1989లో ఈ వాదాన్ని వైద్యలోకం ముందు విపులంగా ఉంచారు.

రక్తపోటుతో దీనికి సంబంధమేమి? ధమనుల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును పుట్టిస్తూ ఉంటుంది. గోడలోని కండరం సడలి నాళం విప్పారడానికి అది అవసరం. ఆ సంగతిని వెలికితీసిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ వచ్చింది. ఆక్సీకరణం చెందిన ఎల్.డి.ఎల్. ఈ వాయువు ఉత్పత్తిని కుంటుపరుస్తుంది, నాళం బిగుసుకొంటుంది. ఇటు రక్తపోటు పెరిగితే, ఒత్తిడికి లోనైన ధమని గోడలో ఆక్సీకరణ కారకాలు మరింతగా పుడతాయి. ఒకదానినొకటి పెంచుకొనే జత ఇది. అయితే రక్తపోటుకు ఇదే మూలకారణమనడం అతిశయోక్తి. ఉప్పు, వంశం, వయస్సు, స్థూలకాయం, మూత్రపిండాలు అన్నింటికీ అందులో పాత్ర ఉన్నది.

ఆక్సీకరణం మాట ప్రచారంలోకి రాగానే విటమిన్ ‘ఇ’ గుళికలకు గిరాకీ పెరిగింది. ఎన్నో ఇళ్లలో ఆ సీసా నేటికీ కనిపిస్తుంది. తర్కం ముచ్చటైనదే కాని పరీక్షకు నిలవలేదు. 2000లో ఫలితాలు వెలువడిన హోప్ పరిశోధనలో 9,500 మందికి పైగా పాల్గొన్నారు. విటమిన్ ‘ఇ’ గుండెపోటులను తగ్గించలేదు. 2002లో, బ్రిటన్‌లో 20,536 మందిపై జరిగిన హార్ట్ ప్రొటెక్షన్ స్టడీలోనూ విటమిన్లు ఫలించలేదు. ఎల్.డి.ఎల్.ను తగ్గించే స్టాటిన్ మందు మాత్రం ఫలించింది. అనగా చెడిన రేణువును బాగుచేయాలని చూడడం కంటే, రేణువులనూ గోడపై ఒత్తిడినీ తగ్గించడమే మార్గం. పై రక్తపోటు పది పాయింట్లు తగ్గితే గుండె, రక్తనాళాల ప్రధాన ప్రమాదాలు సుమారు ఐదవ వంతు తగ్గుతాయని 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చిన సమీక్ష తెలిపింది. గుళికలకు వెచ్చించే దినార్లతో రక్తపోటు కొలిచే యంత్రం కొనవచ్చు.

ఇది ధనికుల రోగమన్న భ్రమ ఇంకా పోలేదు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో మరణ కారణాలను పరిశీలించగా, దాదాపు మూడవ వంతు మరణాలకు గుండె, రక్తనాళాల వ్యాధులే కారణమని తేలింది. అటువంటి పల్లెల నుండి వచ్చినవాడే కబ్ద్ కాపరి. ఊరగాయతో సరిపెట్టుకొనే భోజనం, తోడుగా సిగరెట్టు, దానికి మించి ఒంటరితనం. చెమటలో ఉప్పు పోతుంది కనుక ఎంత తిన్నా ఫర్వాలేదనే నమ్మకం ఒకటి. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అధిక రక్తపోటుకు చాలామందిలో నొప్పి గాని సూచన గాని ఉండదు. అందుచేత తెచ్చుకొన్న మాత్రలు అయిపోగానే, ‘ఒంట్లో బాగానే ఉన్నది’ అని ఊరుకొంటారు. నీరుడు ఎక్కువ చేసే మాత్రలు వాడేవారికి ఎండాకాలంలో ఒంట్లో నీరు తగ్గే ప్రమాదమూ ఉన్నది. అప్పుడు వైద్యుని అడగాలి గాని తమంత తామే మానరాదు.

నగరంలో వైద్య శిబిరం పెట్టి కబ్ద్ వారిని రమ్మనడం కంటే, శిబిరమే కబ్ద్ పోవడం న్యాయం. తెలుగు సంఘాలకు ఇది భారం కాదు. ఒక కారు, ఒక యంత్రం, సేవాభావం గల ఒక నర్సు చాలు. అయిదు నిమిషాలు నీడలో కూర్చోబెట్టి రెండుమార్లు కొలవాలి. 140/90 దాటితే మరొక రోజున మళ్లీ కొలిచి, అప్పటికీ తగ్గకుంటే వైద్యుని వద్దకు చేర్చే బాధ్యత తీసుకోవాలి. అంకెలను తెలుగు చీటీపై రాసి ఇవ్వాలి. యజమానితో అరబ్బీలో మాట్లాడి ఒక పూట సెలవు అడిగేవారు ఆ కారులో ఉంటే మరీ మంచిది. సెలవుపై ఊరికి పోయి వచ్చేవారు వైద్యుని చీటీతో సహా, నిబంధనలు అనుమతించినంత మేరకు మాత్రలు తెచ్చుకోవచ్చు. పెట్టెలో ఆవకాయ జాడీ కాస్త చిన్నదైతే వాటికి చోటు దొరుకుతుంది.