జరాసంధుని బండి

పోయిన మాసమున ఈ పుటలలో మేము ఎండుమిరపకాయల నిలువను గూర్చి వ్రాసితిమి. ఈ మాసము పెట్రోలు వాసన కొట్టు విషయము వ్రాయబూనుచున్నాము. ముక్కు మూసికొనక కొంచె మోర్పుతో చదువ గోరెదము. కుట్టుమిషనుకు నూనె వేయ నేర్చిన చేతికి ఇంజను మరీ పరాయిది కాదని ఈ మూడు నెలలలో మాకు బోధపడినది.

మావారు లెక్కలు చెప్పు ఉద్యోగముపై అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రమునకు రాగా, మేమును పిల్లవానితో వచ్చి ఇది రెండవ యేడు. ఊరు చిన్నది. చుట్టును ఎఱ్ఱని మెట్టలు, నడుమ సన్నని యేరు, ఏటినుండి తీసిన కాలువ. అట్టి కాలువను ఇచ్చట అసెకియా యందురు. స్పెయినువారి యేలుబడి కాలమునుండి రైతులే కలసి త్రవ్వుకొని, వసంతమున కలసి పూడిక తీసికొని, వంతులచొప్పున నీరు పెట్టుకొను కాలువలివి. ఎవరి వంతు ఎప్పుడో నిర్ణయించు పెద్దను మయోర్‌డోమో యందురు. మన పల్లెలలో నీరటికాని అధికార మెరిగినవారికి ఈతని సంగతి వేరుగ చెప్పనక్కఱలేదు. వంతు రాత్రి రెండు గంటలకు వచ్చినను లేచిపోయి తూము ఎత్తవలసినదే.

మా పొరుగున డెబ్బదియేండ్లు దాటిన అవ్వగారొకరు ఒంటరిగా నున్నారు. ఆమె పశువులమేత వేసిన చేను ఇంటికి అరమైలు. మోకాళ్ల నొప్పి. నిరుటి వేసవిలో రెండు వంతులకు సమయమునకు పోలేక పోగా మేత సగము ఎండిపోయెను. ఆమె పాకలో, కీర్తిశేషులైన భర్తగారు నడిపిన మూడుచక్రముల బండి యొకటి కోళ్లకు గూడై పడియున్నది. “మీ ఇంటాయన బడిలో చదువు చెప్పువాడు గదా, దీనికి ప్రాణము పోయగలడా?” అని ఆమె మమ్మడిగిరి. చదువు చెప్పువానికి సర్వమును తెలియునని నమ్ము ఊళ్లు లోకమున ఇంకను గలవు!

ఈ బండి మన యాటోవంటిది కాదు. కప్పు లేదు, తలుపు లేదు. గుఱ్ఱముపైవలె కాళ్లు చెరియొక వైపున వేసి కూర్చుండవలెను. ముందొక చక్రము, వెనుక రెండు, మూడును గుమ్మడికాయలవలె ఉబ్బినవి. హోండావారు ఇట్టి బండిని 1970లో అమెరికాలో మొదట అమ్మిరి. అవ్వగారిది దాని తరువాతి తరము. 1979 మొదలు 1985 వఱకు వచ్చిన 105 సి.సి. రకము. ఇసుకలోను మంచులోను దిగబడకుండుటకై టైరులలో గాలి మిక్కిలి తక్కువగా నుంచవలెను. కారు టైరుకు ముప్పది పౌండ్లు పట్టినచో దీనికి రెండు పౌండ్లు, మించిన రెండున్నర. మామూలు గాలికొలత దానిని చూపనే లేదు. చిన్న కొలత వేరుగ తెప్పించుకొంటిమి. వెనుక స్ప్రింగులు లేవు. టైరు మెత్తదనమే స్ప్రింగు.

తెనాలిలో మోటారుసైకిళ్లు బాగుచేయు మా తమ్మునికి ఫోనులో చూపగా, ముందుకు పరుండియున్న ఆ ఇంజనును చూచి నవ్వెను. “అక్కయ్యా, ఇది మన సీడీ హండ్రెడ్డుకు చుట్టమే!” వాడన్నది నిజము. 1985లో మన దేశమున వచ్చిన హీరో హోండా సీడీ 100 ఇంజనును, ఇదియు, హోండావారి కబ్ అను చిన్న బండి వంశమున బుట్టినవే. చుట్టములైనంత మాత్రమున ఒకరి రవిక మరొకరికి పట్టదనియు వాడే హెచ్చరించెను.

కావున సామాను ఈ జాతిదే వెదకవలసి వచ్చెను. ముప్పది మైళ్ల దూరమున పాత ఇనుప సామాను దొడ్డి యొకటి గలదు. అందు ఇదే రకపు మొండెములు రెండు దొరకినవి. ఒకదానికి కార్బురేటరు బాగు, చక్రములు లేవు. రెండవదానికి వెనుక ఇరుసు, బేరింగులు బాగు, ఇంజను పగిలినది. రెంటికిని కలిపి నూటయెనుబది డాలర్లనెను. మావారు జేబులో చేయి పెట్టిరి. మేము వారి మోచేయి పట్టుకొంటిమి. నూటనలుబదికి ఇచ్చెను.

ఆ మూడింటిని పెరటిలో పరచినప్పుడు మాకు సభాపర్వములోని జర గుర్తునకు వచ్చినది. బృహద్రథుని భార్యలిద్దరు చెరిసగముగా గన్న బిడ్డను దాదులు వీధిని పారవైచిరి. జర యను రాక్షసి ఆ రెండు ముక్కలను దగ్గఱకు చేర్చగా అవి అతుకుకొని కేరుమన్నవి. ఆ బిడ్డయే జరాసంధుడు. అతికినది రాక్షసియైనను మాకు ఆమెయం దెప్పుడును గౌరవమే. అది మొదలు బండికి మాయింట ఆ పేరే నిలిచెను. అయితే ఆ కథయొక్క రెండవ సగము మాకు అప్పుడు స్ఫురింపలేదు.

పెట్రోలు తొట్టి లోపల త్రుప్పు పొరలుపొరలుగా నుండెను. మావారు మందు కొందమనిరి. చింతపండుతో రాగిబిందెలు తోమిన మాకు త్రుప్పునకు పులుపే మందని తెలియదా? తొట్టిని ఆరుబయట నుంచి తెల్ల వెనిగరు నిండుగ పోసి, రెండుదినములు నాననిచ్చి, చిన్న గొలుసు ముక్క వేసి కుదిపితిమి. తరువాత వంటసోడా నీటితో కడిగి వెంటనే ఆరబెట్టితిమి. ఆలస్యమైన మరల త్రుప్పు పట్టును. కార్బురేటరులో ఎండిన పెట్రోలు వంటనూనె మడ్డివలె పేరుకొనియుండెను. వెండ్రుకవంటి రంధ్రముగల జెట్టు ఒకటి మూసికొనిపోయినది. దానిని సూదితో పొడువరాదు. రంధ్రము పెద్దదై పెట్రోలు కొలత తప్పును. విద్యుత్తీగలోని సన్నని రాగి పోగుతో మేమే మెల్లగ తీసితిమి. ఆ పని మూడుమారులు చేయవలసి వచ్చెను. మూడవమారు వెలుతురునకు పట్టి చూడగా సూదిమొనంత ఆకాశము కనబడెను.

త్రాడు లాగగా లాగగా, పదునేడవ లాగునకు ఇంజను పలికినది. కాని లోపల టకటకమను చప్పుడు. ఫోను ఇంజనుదగ్గఱ పెట్టితిమి. తెనాలిలో అర్ధరాత్రి. తమ్ముడు కన్నులు మూసికొని విని, “టాపెట్లు అక్కయ్యా. బావగారిని ఇంజను చల్లారినాక చూడమను. ఐదువందల పాళ్లలో పాతిక పాళ్లంటే తెలియదు, 0.05 మిల్లీమీటరని చెప్పు, లెక్కల మాస్టారు గదా,” అనెను. సరిచేయగా చప్పుడు పోయెను.

ఇంతవఱకు వేడుక. ఇక మాకు నిద్ర లేకుండ జేసిన సంగతి.

పిల్లవానికి పండ్రెండవ యేడు. చక్రములు కదలిననాటినుండి “అమ్మా, ఒక్కసారి” అని వెంటబడెను. ఈ బండ్ల చరిత్రను మేమప్పటికే చదివియుంటిమి. వీటినుండి పడి గాయపడినవారును మరణించినవారును అనేకులు. అందు పదునారేండ్లలోపు పిల్లలు చాలమంది. 1988లో ప్రభుత్వమునకును తయారీదారులకును న్యాయస్థానమున కుదిరిన యొప్పందముచే క్రొత్త మూడుచక్రముల బండ్ల యమ్మకము ఆగెను. 2008 నాటి చట్టము ఆ నిషేధమును స్థిరపరచెను. పాతవానిని ఉంచుకొనుట నేరము కాదు. కారణము సులభమే. వెనుక రెండు చక్రములును ఒకే ఇరుసునకు బిగింపబడి సమానముగ తిరుగును. మలుపులో లోపలి చక్రము తక్కువ తిరుగవలెను, కాని తిరుగలేదు. ముందు ఒకటే చక్రము గావున ఆ మూలను ఆనుటకేమియు లేదు. నడుపువాడు తన దేహమును ఒరిపి తూచవలెను. అది తెలియనివాడు సైకిలుపైవలె కాలు నేల నానించును. వెనుక చక్రము ఆ కాలిమీదికి వచ్చును.

మావారు మొదటి దినమున కాలువగట్టున సరిగా అదే చేసిరి. బూటు మడమ చక్రముక్రింద నలిగెను. దైవవశమున కాలు దక్కెను. బండి ప్రక్కకు ఒరిగెను. ఎత్తి చూడగా, ఇరుసుదగ్గఱ ఫ్రేముపై మావారు స్వయముగ వేసిన వెల్డింగు వెంట్రుకవాసి విచ్చియున్నది. అప్పుడు గుర్తునకు వచ్చినది కథ రెండవ సగము. భీముడు జరాసంధుని చీల్చినది ఎచ్చట? అతికినచోటనే గదా!

ఆ రాత్రి మాయింట మాటలు పెరిగినవి. రంగు గీకకుండ, త్రుప్పుమీదనే అతికితిరని మేము. చూచుచు ఊరకుంటివేమని వారు. ఇద్దరిదియు తప్పే. మరునాడు ఫ్రేమును పనివానియొద్దకు కొనిపోగా, అతడు పాత అతుకంతయు అరగదీసి, క్రొత్తగా అతికి, దానిమీద మందపు ఇనుప పట్టీ వేసెను. తొంబది డాలర్లు. అందు బేరమాడలేదు.

బండి అవ్వగారికి ఇయ్యకుండుటయే మేలని మాకు తోచినది. పోయి చెప్పితిమి, చట్టమును 1988ని అన్నియు చెప్పితిమి. ఆమె సాంతము విని, “నీవు పుట్టకమునుపే దీనిమీదనుండి రెండుమార్లు పడితిని. కాలు దించరాదని అప్పుడే తెలిసినది. మేత ఎండిన గొఱ్ఱెలను అమ్మవలెను, గొఱ్ఱెలను అమ్మిన ఈ నేలపై నాకేమి పని?” అనిరి. మాయొద్ద మారుమాట లేదు. మాకు పుస్తకములనుండి తెలిసినది ఆమెకు మోకాలినుండి తెలిసినది. తుదకు ఒడంబడిక యైనది: పల్లపు బాటను మాత్రమే, మొదటి గేరులోనే, తలకు హెల్మెటు, రాత్రి వంతులకు మావారు నడచిపోయి తూము ఎత్తుదురు, పిల్లవాడు బండి నెక్కడు. చివరి దానికి వాడు రెండుదినములు మాతో మాటలాడలేదు.

గడచిన శనివారము తెల్లవారుజామున ఆమె వంతు. వంటయింటి కిటికీనుండి చూచితిమి. బండి మనిషి నడకకంటె కొంచెమే వేగముగ గట్టువెంట పోవుచున్నది; వెనుక పార భుజాన వేసికొని మా పిల్లవాడు నడచుచున్నాడు. కొంతసేపటికి మేతమళ్లలో నీరు మెఱసెను.

కూర్చుండు మెత్త మాత్రము చినిగి దూది బయటికి వచ్చినది. దానికి తగిన దళసరి గుడ్డయు, బూట్లు కుట్టు సూదియు తెప్పించితిమి. రేపు కుట్టవలెను.