ఆమేర్ ఖిలా ఎవరిది?

జైపూర్ దగ్గరి ఆమేర్ ఖిలా తస్వీర్లు చూపిస్తుంటే మా చిన్నోడు అడిగాడు: "అబ్బాజాన్, ఇది మనోళ్లది కాదు కదా?" ఆ మాట వాడికి ఎక్కడ అంటుకుందో నాకు తెలుసు. వాడి మీద కోపం రాలేదు.

1592లో దీన్ని కట్టించడం మొదలుపెట్టిన రాజా మాన్‌సింగ్, అక్బర్ బాద్షాకు సిపాహ్‌సాలార్. 1576లో హల్దీఘాటీ జంగ్‌లో మొఘల్ ఫౌజ్‌ను నడిపింది ఆయనే. ఎదురుగా రాణా ప్రతాప్ తరఫున ముందు వరసలో నిలబడింది పఠాన్ హకీమ్ ఖాన్ సూర్! అది మజహబ్ లడాయి అనేవాళ్లు ఈ రెండు పేర్లూ ఎందుకు మింగేస్తారు? మనవాళ్లూ తక్కువేం కాదు లెండి. మొఘల్ అనగానే "మన హుకూమత్" అని మురిసిపోతారు.

ఖిలాలో దివాన్-ఎ-ఆమ్ స్తంభాల మీద ఏనుగు తలలుంటాయి. మీర్జా రాజా జైసింగ్ కట్టించిన గణేశ్ పోల్ చూడండి: మెహరాబ్ మొఘలాయీ, లోపలి ద్వారం నెత్తిన గణపతి, ఆ పైన రాణీలు చూసే జాలీలు. అది దాటితే షీష్ మహల్, ముందు చార్‌బాగ్, అవతల సుఖ్ నివాస్‌లో గాలిని చల్లబరిచే నీటి కాలువ.

ఇదంతా చిన్నోడికి చెప్పాను. ఓపిగ్గా విని, "మరి ఆ ఏనుగులు ఎవరివి అబ్బాజాన్?" అన్నాడు.