పెద్దరోగం కోసం పుట్టిన ఇంజెక్షన్ ఎవరికి అందుతోంది?

పోస్ట్ కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

మా రూమ్మేట్ చేతి నిండా పులిపిర్లు. స్కిన్ డాక్టర్ ఒక ఇంజెక్షన్ రాశారు. డబ్బా మీద మైకోబాక్టీరియం డబ్ల్యు అని, వేడితో చంపిన బాక్టీరియా అని ఉంది. "చచ్చిన పురుగుల్ని నాకు ఎక్కిస్తారా?" అని వాడు ఒకటే భయం. సరే చూద్దామని వెతికా. చూస్తే అది పులిపిర్ల మందే కాదు. ఢిల్లీలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీలో జి.పి. తల్వార్ గారి బృందం కుష్టు రోగుల కోసం తయారుచేసిన మందు!

కుష్టు ముదిరినవాళ్ళ ఒళ్ళు ఆ క్రిమిని శత్రువని గుర్తుపట్టదు, ఊరుకుంటుంది. ఈ మందులో ఉన్నది దాని చుట్టం లాంటి క్రిమి. దాన్ని చంపి చర్మంలోకి ఇస్తే, పోలికలు కలుస్తాయి కాబట్టి ఒళ్ళు మేలుకుంటుంది. మొదటి డోసులో 100 కోట్ల చచ్చిన క్రిములు, తర్వాత డోసుల్లో 50 కోట్లు. మామూలు కుష్టు బిళ్ళలతో పాటు ఇదీ ఇచ్చినవాళ్ళలో క్రిములు త్వరగా తగ్గాయని పరీక్షల్లో తేలింది. బిళ్ళలు మానేసి ఇదొక్కటే వేయించుకోవడం మాత్రం కాదు.

తర్వాత దీన్ని సెప్సిస్‌కి వాడారు, 2020లో కరోనాకీ పరీక్షించారు. అలాగని సర్వరోగ నివారిణి అనుకోకండి. ఇలాంటిదే ఇంకో చంపిన క్రిమి, మైకోబాక్టీరియం వాకే, దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో టీబీ రోగులకు ఇస్తే లాభం కనపడలేదని 1999లో తేలింది. ఏ జబ్బుకి ఆ జబ్బుకే రుజువు కావాలి.

నా బాధ వేరే. మా పెద్దనాన్నకి పెద్దరోగం వచ్చింది. ఏడాది బిళ్ళలు ఫ్రీగానే ఇచ్చారు, మింగాడు, తగ్గింది. కానీ వేళ్ళు అప్పటికే వంకరపోయాయి. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఆయన బంతిలో కూర్చోడు, పక్కన ఆకేసుకుని తింటాడు. ఆయనకి ఈ ఇంజెక్షన్ పేరు కూడా ఎవరూ చెప్పలేదు. ప్రపంచంలో కొత్తగా బయటపడే కుష్టు కేసుల్లో సగానికి పైగా మన దేశంలోనే. అలాంటి జబ్బు కోసం కనిపెట్టిన మందు డబ్బులుంటే పులిపిర్లకి దొరుకుతోంది. మా గూడెంలో మాత్రం దాని ఊసే లేదు. ఇది నాకు మింగుడుపడట్లేదు.

ఈ ఆదివారం ఊరెళ్తున్నా. కొత్తగా మచ్చలున్న ఇద్దరిని పీహెచ్‌సీకి తీసుకెళ్ళి, వాళ్ళకి ఇది పనికొస్తుందా అని డాక్టర్‌నే అడుగుతా. మీ మండలంలో కుష్టు రోగులెవరికైనా ఇది వేశారా? తెలిస్తే చెప్పండి.